మాట కనబడే దూరం

వేసవి చివరి నెల, పదకొండో తేదీ, మంగళవారం, పగటి పూట. హాజరైనవారు: అమరుల స్మారక సంఘం తరఫున విచారణాధికారి, ఆయనకు టైపు చేసిపెట్టే ఆవిడ, సాక్షి, అనగా మృతురాలి చెల్లెలు, సాక్షికి తోడుగా వచ్చిన మృతురాలి కూతురు. వాంగ్మూలం పై వరసల్లో ఈ ముక్కలు పడుతున్నంతసేపూ సాక్షి ఆ టైపు యంత్రాన్నే చూస్తూ కూర్చుంది. సన్నటి ఇనుప చేతులు ఒకదాని వెంట ఒకటి లేచి కాగితాన్ని కొట్టి వెనక్కు వాలుతున్నాయి. చప్పుడు ఆమెకు వినబడదు. కాని బల్లకు ఆనించిన మోచేతికి ప్రతి దెబ్బా తెలుస్తోంది, పిచ్చుక ముక్కుతో పొడిచినట్టు. మృతురాలి చెల్లెలు. ఈ నలభై ఏళ్ళలో ఆమె ఎన్నో అయింది. నూలు కండెలు చుట్టే పిల్ల నుంచి మరమగ్గాల మీద నేతగత్తె అయింది, ఒక పసిదానికి పిన్నిగా మొదలై తల్లి అయింది, మోకాళ్ళు పట్టేసిన ముసలిది కూడా అయింది. కాగితం మీద మాత్రం ఆ ఒక్క మధ్యాహ్నం దగ్గరే ఆగిపోయి, ఇంకా ఎవరికో చెల్లెలుగానే ఉండిపోయింది.

"ఇప్పుడు చెప్పండమ్మా, సిపాయిలు ఎదురుపడ్డాక మీ అక్కగారు ఏం చేశారు?" అని అధికారి అడిగాడు. మర్యాద తెలిసిన మనిషి. ఆమెకు చెవులు పనిచేయవని తెలిసి కుర్చీ ముందుకు లాక్కుని, చంటిపిల్లకు గోరుముద్ద పెట్టేవాడిలా తనే నోరు పెద్దగా తెరిచి అడిగాడు. ఆమె ఉన్నమాటే చెప్పింది. "ముందుకు నడిచింది." చెప్పి, ఎందుకు నడిచిందో కూడా చెబుదామని ఊపిరి పీల్చుకుంది. ఆ పీల్చుకున్నంతలోనే ఆయన టైపు ఆవిడ వైపు తిరిగిపోయాడు. పక్కనుంచి సగం నోరే కనబడింది. ఆ సగంలోంచి "ధిక్కరిస్తూ" అన్న మాట దొర్లడం ఆమె చూసింది. దాని వెనకాల "తుపాకులకు ఎదురొడ్డి" అన్నది కూడా దొర్లి ఉంటుంది, ఎందుకంటే ఆ మాట పడగానే అక్క కూతురు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టులో గర్వం ఉంది. పీల్చుకున్న ఊపిరిని ఆమె చప్పుడు కాకుండా వదిలేసింది. చప్పుడు అయిందో కాలేదో ఆమెకు తెలియదనుకోండి.

శుద్ధప్రతి నాలుగు కాపీలు కావాలట. పేర్లు చెక్కే శిల్పి పక్కగదిలో కూర్చుని ఉన్నాడట, వారం తిరక్కుండా స్మారక రాయి నిలబెట్టాలట, అందుకని అధికారి అటు వెళ్ళాడు. "ఒక్క గంట ఓపిక పట్టండమ్మా, అయిపోగానే చదివి వినిపిస్తాను, సంతకం పెట్టి వెళ్ళిపోదురుగాని" అన్నాడు. చదివి వినిపిస్తాడట. ఆమెకు నవ్వొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటారు. ఆ శంఖం కూడా ఒకందుకు నయమే, ఊదేవాడి బుగ్గలు ఉబ్బడం కనిపిస్తుంది.

ఈ గది ఆమె ఎరిగినదే. ఇప్పుడు గోడలకు తెల్లరంగు వేసి అద్దాల పెట్టెలు పెట్టారు గాని, అప్పట్లో ఇది మిల్లు ఆఫీసు. పనిలో చేరిన రోజున అక్క వెనకాల నక్కి నిలబడింది ఆ కిటికీ దగ్గరే. అప్పుడీ బల్ల మీద ఒక గ్లాసులో నీళ్ళుండేవి, ఆ నీళ్ళు వణికేవి. గోడ అవతల షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారిగా కొట్టుకుంటుంటే నేల, నేల మీది కుర్చీ, కుర్చీలోని గుమాస్తా, అతని కళ్ళజోడు, అన్నీ ఒకే జ్వరంతో వణికేవి. గోడకు కొట్టిన మేకు కూడా కొన్నాళ్ళకు దానంతటదే ఊడివచ్చేది. ఇప్పుడు అధికారి విడిచి వెళ్ళిన గ్లాసులో నీళ్ళు గడ్డకట్టినట్టున్నాయి. ఈ గదిలో నీళ్ళు ఇంత కదలకుండా ఉండడం ఆమె ఇదే మొదటిసారి చూడటం. మిల్లు మూతపడింది, మగ్గాలు తూకానికి అమ్ముడుపోయాయి, ఒక్కటి మాత్రం మిగిలితే దానికి నల్లరంగు పూసి చుట్టూ తాడు కట్టి గుమ్మం పక్కన నిలబెట్టారు, ముట్టుకోరాదని రాశారు. వచ్చేటప్పుడు ముట్టుకుంది. చల్లగా, శవంలా ఉంది. బతికున్నప్పుడు దాని ఒళ్ళు అంటుకుంటే కాలేది.

షెడ్డులో మాట నోటి నుంచి చెవికి వెళ్ళేది కాదు, నోటి నుంచి కంటికి వెళ్ళేది. చేరిన రెండు మూడేళ్ళలో ఎవరి చెవులైనా ఉడిగిపోయేవి, అది జీతంతో పాటు వచ్చేదే అన్నట్టు ఎవరూ బాధపడేవారు కాదు. పెదవులు మాత్రం వయసొచ్చిన కొద్దీ సాగేవి. రెండు మగ్గాల అవతలి మనిషితో అక్క గొంతు పెగలకుండానే పోట్లాడేది, పాడేది, తిట్టేది, పొడుపుకథలు వేసేది. గోడలకు చెవులుంటాయంటారు, మా షెడ్డు గోడలకు ఉన్నవి కూడా పోయాయే, అనేది. మగ్గాలకు నూనె పోస్తూ తిరిగే ఆయన్ని అందరూ నూనె బాబాయి అనేవారు. ఆయనకు దొడ్డ మీసం, పెదవి కనబడేది కాదు. అందుకని ఆయన ఏదైనా చెప్పాలంటే ఒక చేత్తో మీసం పైకెత్తి పట్టుకుని చెప్పేవాడు, గుమ్మానికి వేలాడే తెర ఎత్తి తొంగిచూసినట్టు. "బాబాయ్, తెర దించెయ్, ఆట అయిపోయింది" అని అక్క పెదవులతో అనేది, ఆయన మూతి ముడిచేవాడు, ముడిచినా ఎవరికీ కనబడేది కాదు. ఎదుటి మనిషి మాట అందకపోతే షెడ్డులో ఎవరూ "ఆఁ?" అని అరవరు, అరిచి లాభం లేదు గనుక. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, కనుబొమలు దగ్గరకు చేర్చి, ఆ మనిషి వైపు నడుస్తారు. నోరు కనబడేదాకా నడుస్తారు. అది ఆలోచించి చేసేది కాదు. చెయ్యి కాలితే వేలు నోట్లో పెట్టుకున్నట్టు, మాట అందకపోతే కాళ్ళు ముందుకు పడతాయి.

ఇంట్లోనూ అదే తంతు. అక్కను వెనకనుంచి పిలిచి లాభం లేదు, చుట్టూ తిరిగి ముందుకు రావాలి; లేదా చెక్కనేల మీద మడమతో రెండుసార్లు తన్నాలి, ఆమె అరికాళ్ళు విని తల తిప్పుతుంది. బావ ఉన్నప్పుడు ఆయన తల్లి ఎదుటే కూర్చుని, ఆవిడ మీద చాడీలన్నీ చప్పుడు లేకుండా చెల్లెలికి చెప్పేది, ముఖం మాత్రం పాలు తోడుపెడుతున్నంత ప్రశాంతంగా పెట్టుకుని. "ఏమిటే ఆ పిల్ల, మేకపిల్ల నెమరేసినట్టు ఎప్పుడూ దవడ ఆడిస్తుంది" అనేది ఆ ముసలావిడ. బావ లారీలెక్కి ఊళ్ళు తిరిగి తిరిగి ఏదో ఊళ్ళో ఇంకో సంసారం చూసుకున్నాడు. అక్క ఏడవలేదు, వెళ్ళినవాడు ఎటూ వెనక్కి తిరిగి మాట్లాడడు, ముఖం కనబడనివాడి కోసం ఏం ఏడుస్తాం, అంది. అప్పటికి కడుపులో ఉన్నది ఇదిగో, ఈ పక్కన కూర్చుని సంచీలోంచి కాగితాలు తీసి చదువుకుంటున్నది. బడిపంతులమ్మ. వెంట్రుకలు నెరిసిపోతున్నాయి. తల్లి కంటే పెద్దదైపోయింది. తల్లి కంటే పదిహేనేళ్ళు పెద్దదైన కూతురు. అక్క ఇప్పుడు గుమ్మంలోకి వస్తే ఈ పిల్లకు కూతురిలా ఉంటుంది.

ఈ పిల్లకు ఏడాది నిండినా మాట రాలేదని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు, అది కూడా జోకే, ఆ ఇంట్లో కొరకడానికి చెవులెక్కడివి. మూగదేమో, చూపించండి, అన్నారు. అక్క నవ్వింది. పిల్లను ఒళ్ళో తనకు ఎదురుగా కూర్చోబెట్టుకుని గడ్డం పట్టుకుంది. పిల్ల పెదవులు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. చప్పుడు లేదు. "చూశావా, ఎంత స్పష్టంగా అంటోందో, అమ్మ అని" అంది అక్క. నిజమే, ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంది, ఎన్నాళ్ళ నుంచో మాట్లాడుతోంది. మాటకు చప్పుడు కూడా ఉంటుందని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే. చప్పుడు తర్వాత వచ్చింది. ఎప్పుడు వచ్చిందో ఆమెకు బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం తర్వాత రెండు రోజులకు, పొరుగింటి వంటగదిలో, గోడకు ముఖం పెట్టి, మొదటిసారి గొంతుతో "అమ్మా" అంది. అరిచింది. చూసే మనిషి లేకపోతే అరవాలని ఎవరూ చెప్పకుండానే తెలిసింది దానికి.

స్వాతంత్య్రం వద్దన్నవాళ్ళు ఆ వీధిలో ఎవరున్నారు? గోడల మీద రాతలు రాత్రికి రాత్రి మొలిచేవి, పొద్దున్నే సిపాయిలు సున్నం పూయించేవారు, ఆ సున్నం మీదే మళ్ళీ రాసేవారు, గోడలు నానాటికీ లావెక్కాయి. కాలేజీ పిల్లల్ని బండ్లలోకి ఎక్కించి తీసుకుపోయారని, కొందరు తిరిగి రాలేదని చెప్పుకునేవారు. అక్కకు కూడా స్వాతంత్య్రం రావాలనే ఉండేది. "వస్తే ముందు ఈ మగ్గాల నోరు మూయించాలి, ఆ తర్వాత జెండా సంగతి" అనేది. అంతే. ఊరేగింపులకు పోలేదు. పోవడానికి తీరిక లేదు, మొదటి వేళ పనికి ఒక ముక్క, రెండో వేళ పనికి ఇంకో ముక్క అని మిల్లు మనిషిని రెండుగా చీల్చి పెట్టుకునేది. వీరురాలు కాదు మా అక్క, అని ఇప్పుడు ఈ గదిలో లేచి అంటే ఏమవుతుంది? టైపు ఆవిడ చేతులు ఆగిపోతాయి. ఈ పిల్ల చేతిలోని కాగితాలు ఒళ్ళోకి జారతాయి. రాయి నిలబెట్టే రోజున అమరుల పిల్లల తరఫున మాట్లాడమని ఈ పిల్లనే అడిగారు. పది రోజులుగా రాసింది కొట్టేసి, కొట్టేసింది రాస్తోంది. మొదటి వాక్యం ఇంట్లో అద్దం ముందు నిలబడి చదువుతుంటే ఆమె వెనకనుంచి అద్దంలో దాని పెదవులు చూసింది. "మా అమ్మ చావుకు ఎదురు నడిచింది."

నడిచింది. ఎండలో నడిచింది. మధ్యాహ్నపు సైరన్ మోగింది, సైరన్ అంటే షెడ్డు వాళ్ళకు చప్పుడు కాదు, పళ్ళలోకి దిగే ఒక జివ్వు. మగ్గాలు ఆగాయి. ఆగాక కూడా అందరి ఒళ్ళూ కాసేపు ఊగుతూనే ఉంటుంది, పడవ దిగిన వాళ్ళలాగా. ఆమె కండెల గదిలో ఉండేది, అది షెడ్డుకు ఎడంగా, కాస్త నెమ్మదిగా ఉండే గది. అప్పటికి ఆమె చెవులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, అన్నీ వినబడేవి. పొద్దున ఏదో బండి మిల్లు చుట్టూ తిరిగింది, దానికి కట్టిన గొట్టంలోంచి ఎవరో ఏదో అన్నారు, మగ్గాల మోతలో ముక్క కూడా తెలియలేదు. కర్ఫ్యూ పెట్టామని, వీధిలోకి వస్తే కాలుస్తామని చెప్పారట. సైన్యం తర్వాత జరిపిన విచారణలో రాసుకుంది: ముందస్తుగా పలుమార్లు హెచ్చరించాము. అబద్ధం కాదు. హెచ్చరించారు. నోరు తెరుచుకుని అరుస్తున్న షెడ్డు చుట్టూ తిరిగి, గోడకు చెప్పి వెళ్ళారు.

గేటు తీశారు. నూలు దుమ్ము తలగుడ్డల మీద తెల్లగా పేరుకుని, అన్నం డబ్బాలు చేతుల్లో పట్టుకుని, కళ్ళు చికిలిస్తూ అందరూ బయటికి వచ్చారు. వీధి ఖాళీగా ఉండటమే ముందు వింతగా తోచింది. కొట్లు మూసి ఉన్నాయి. వీధి చివర, చౌరస్తాకు అడ్డంగా, సిపాయిలు వరసగా. వాళ్ళ ముందు ఒక అధికారి, గొట్టం నోటికి పెట్టుకుని ఉన్నాడు. ఆమె వెనక ఉంది. చెప్పు తెగితే పిన్నీసు గుచ్చుకుంటూ, గేటు అరుగు దగ్గర వెనకబడిపోయింది. అక్కడికి ఆ మాట బాగా వినబడింది, ఎండలో వీధంతా గంట కొట్టినట్టు వినబడింది. "ఆగండి. ఒక్క అడుగు వేస్తే కాలుస్తాం." ఆమె తలెత్తింది. షెడ్డు వాళ్ళు ఆగారు కూడా, ఒక్క క్షణం. అది మాట విని కాదు. అంత మంది నిలబడి తమ వైపే చూస్తుంటే ఎవరైనా ఆగుతారు. ఎదురుగా ఒక మనిషి ఏదో చెబుతున్నాడని వాళ్ళకు తెలిసింది, దవడ కదులుతోంది, మెడ నరాలు కదులుతున్నాయి. నోరు మాత్రం లేదు. నోరుండాల్సిన చోట గుండ్రటి, వెడల్పాటి ఇనుప పువ్వు.

అక్క కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. కనుబొమలు దగ్గరకు చేర్చింది. నడిచింది. ఆమె పక్కన నూనె బాబాయి, ఇటు ఇద్దరు ఆడవాళ్ళు, వెనక ఇంకా ఎందరో, అందరూ అదే చెయ్యి, అదే కనుబొమలు. గొట్టం ఇంకా గట్టిగా అరిచింది. అరుస్తున్నాడంటే ఏదో ముఖ్యమైన సంగతే అయి ఉంటుందని వాళ్ళు ఇంకా త్వరగా నడిచారు. అక్క రెండో చేత్తో తన నోటి వైపు చూపించింది, అది అడ్డం తియ్యండి అని. చూపించి, వెనక్కి కూడా చూసి నవ్వింది, ఈయన మన బాబాయి కంటే ఘనుడే, ఎంత మీసమో చూడు అని పెదవులతో అంది. ఎవరితో అంది? చెల్లెలితో. ఆ దూరం నుంచి కూడా ఆ పెదవులు ఆమెకు అందాయి. ఆమె "అక్కా!" అని అరిచింది. ఒంట్లో ఉన్న ఊపిరంతా పెట్టి అరిచింది. అప్పటికే అక్క మళ్ళీ ముందుకు తిరిగింది. ఆ వీధిలో ఆ కేక విన్నవాళ్ళు సిపాయిలే.

కాల్పులు కూడా వాళ్ళకు వినబడి ఉండవు. వెనక ఉన్నవాళ్ళకు అరికాళ్ళలో అదిరింది, ఏదో మగ్గం మళ్ళీ మొదలైందనుకున్నారట, అలా అనుకుని మిల్లు వైపు తిరిగి చూసిన వాళ్ళు కూడా ఉన్నారు. ముందున్నవాళ్ళు పడిపోతుంటే, ఎందుకు పడిపోతున్నారో చూద్దామని వంగి, వంగిన చోటే పడ్డారు. నూనె బాబాయి మీసం పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. ఏదో చెప్పబోయాడన్నమాట, మర్యాదగా, తన వంతు తెర ఎత్తి. అక్క దగ్గరకు వెళ్ళనిచ్చేసరికి ఎండ వాలింది. డబ్బాలు దొర్లి మూతలు ఊడి ఉన్నాయి, తలగుడ్డల మీది దుమ్ము గాలికి లేచి వీధంతా తిరుగుతోంది, తెల్లగా. అక్క కనుబొమలు ఇంకా దగ్గరకు చేరే ఉన్నాయి. ఏమంటున్నారో అర్థం కాని ముఖం. ఆ ముఖాన్ని ఆమె బొటనవేలితో నిమిరి సరిచేయాలని చూసింది, సరికాలేదు.

ఆ తర్వాత ఆ విచారణ కాగితం వచ్చింది: గుంపు హెచ్చరికలను లెక్కచేయక సైన్యం మీదికి నడిచినది. ఇంకొన్నేళ్ళకు ఆ సైన్యం పోయింది, జెండా మారింది, వీధుల పేర్లు మారాయి, బడి పుస్తకం కూడా మారింది. అందులో ఉంది: హెచ్చరికలను లెక్కచేయక కార్మికులు సైన్యం మీదికి నడిచిరి. చంపినవాళ్ళ వాక్యాన్నే ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, మెడలో దండ వేసి తెచ్చి పెట్టినట్టుంది. తప్పు ఎక్కడుంది? నడవలేదా? నడిచారు. ఆమె ఆ పుస్తకం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఈ పిల్ల అప్పుడు చిన్న తరగతుల్లో ఉంది. తల్లి ఎందుకు పోయిందని రాత్రిళ్ళు లేచి కూర్చునేది, పక్క తడిపేది, గోడకు ముఖం పెట్టి నిద్రపోయేది. ఆ రోజు బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. "పిన్నీ, మా అమ్మ తుపాకులకు ఎదురెళ్ళిందట! పుస్తకంలో ఉంది! టీచరు నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించింది!" ఆ రాత్రి పిల్ల వెల్లకిలా పడుకుంది, చేతులు బార్లా చాపుకుని, నోరు కొంచెం తెరుచుకుని, పొద్దెక్కేదాకా కదలకుండా నిద్రపోయింది. ఆ నిద్ర చూసినవాళ్ళెవరైనా ఏం చేస్తారు? నోట్లో నువ్వుగింజ నానని మనుషులుంటారు. ఆమె నోట్లో ఆ గింజ ముప్పై ఏళ్ళకు పైగా నానింది, మొలకెత్తలేదు, కుళ్ళలేదు.

టైపు ఆవిడ రిబ్బను మారుస్తోంది, వేళ్ళు నల్లగా అయ్యాయి. అక్క కూతురు ఆమె భుజం తట్టి, ముఖం తన వైపు తిరిగేదాకా ఆగి, అప్పుడు అంది. ఎంత చదువుకున్నా ఆ అలవాటు పోలేదు దానికి. "పిన్నీ, చెమటలు పడుతున్నాయి నీకు. మంచినీళ్ళు కావాలా?"

"వద్దు. రాతి మీద ఎంత ఎత్తున ఉంటుందిట పేరు?"

"నా కళ్ళ ఎత్తున పెట్టమని అడిగాను. శిల్పి సరే అన్నాడు." పిల్ల నవ్వింది. "నేను ఎప్పుడూ పైకే చూశాను కదా అమ్మ వంక, ఫొటోలో. ఒక్కసారైనా ఎదురుగా చూడాలని."

ఎదురుగా. సరే, అనుకుంది ఆమె. అయిపోయింది, ఇక ఆలోచన లేదు. సంతకం పెట్టేద్దాం. ముందుకు నడిచింది అన్నది నిజమే, మిగతాది అలంకారం, చచ్చినవాళ్ళకు అలంకారం ఎవరు వద్దంటారు. అక్క ఉంటే ఏమనేది? అక్క అయితే నవ్వేది. ధిక్కరించానా నేను? పగలు పది గంటలు నిలబడి కాళ్ళు పీకుతుంటే ధిక్కరించడానికి ఓపికెక్కడిదే, అనేది. కాని అక్క లేదు, ఈ పిల్ల ఉంది. ఉన్నవాళ్ళ నిద్ర ముఖ్యం. అలా అనుకున్నాక ఆమెకు ఒళ్ళు తేలికైంది, తేలికైన చోట ఏదో ఖాళీగా కూడా అనిపించింది, పన్ను పీకించుకున్న చోటికి నాలుక పోయినట్టు.

అధికారి తిరిగి వచ్చాడు. తొందరలో ఉన్నాడు, శిల్పి వెళ్ళిపోతానంటున్నాడు కాబోలు. టైపు ఆవిడ దగ్గర కాగితం అందుకుని, వెలుతురు కోసం కిటికీ దగ్గరకు వెళ్ళి, కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. కళ్ళజోడు మరిచిపోయినట్టున్నాడు, కాగితాన్ని ముఖానికి బాగా దగ్గరగా ఎత్తి పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. ఆమెకు కనబడింది ఇది: కిటికీ నిండా ఎండ, ఆ ఎండలో నల్లటి మనిషి ఆకారం, ముఖం ఉండాల్సిన చోట తెల్లటి కాగితం. కాగితం అంచు కొద్దిగా అదురుతోంది, అంటే మాటలు వస్తున్నాయన్నమాట. ఏమంటున్నాడు?

ఆమె లేచింది. లేవాలనుకుని లేవలేదు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది, కనుబొమలు దగ్గరకు చేర్చింది, బల్ల అంచు పట్టుకుని చుట్టూ తిరిగి నడిచింది. కాగితం వెనకనుంచి ఒక అరచెయ్యి బయటికి వచ్చింది, కూర్చోండి కూర్చోండి అన్నట్టు. ఏదో చెబుతున్నాడు, ముఖ్యమైనదే అయి ఉంటుంది. ఆమె ఇంకా త్వరగా నడిచింది, మోకాళ్ళు సహకరించినంత. ఆ మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు, వీపు కిటికీ చువ్వలకు తగిలింది. చెయ్యి గాలిలో ఇంకా గట్టిగా ఊగింది. కాగితం మాత్రం దిగలేదు. ఆమె రెండో చేత్తో తన నోటి వైపు చూపించింది, అడ్డం తియ్యి నాయనా, అని, మర్యాద కోసం కొంచెం నవ్వుతూ.

నేల అదిరింది. చెక్కనేల మీద మడమతో రెండుసార్లు. అరికాళ్ళు వినగానే ఆమె వెనక్కి తిరిగింది.

అక్క కూతురు కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. నోరు పెద్దగా తెరిచి అధికారితో అంటోంది. "కాగితం దించండి సార్! ఆగమని చెబితే ఆవిడకు వినబడదు. మీ నోరు కనబడకపోతే ఆవిడ వస్తూనే ఉంటుంది." అని, ఆ నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. మూయడం మరిచిపోయింది. ఎండలో, బల్ల పక్కన, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిన పిన్నిని చూస్తోంది. పిన్నిని కాదు, పిన్ని ఉన్న చోటును చూస్తోంది. కాగితాలు ఒళ్ళోంచి ఎప్పుడో నేల మీదికి జారాయి. ఆ పెదవులు కదిలాయి. గొంతు లేదు వాటిలో. గొంతు ఉందో లేదో ఆమెకు ఎలా తెలుస్తుందని అడగొచ్చు. మెడ కదలలేదు, ఛాతీ కదలలేదు, ఆ లెక్క ఆమెకు తప్పదు. పెదవులు తెరుచుకుని, మూసుకుని, మళ్ళీ తెరుచుకున్నాయి. అమ్మ కూడా ఇలాగేనా?

"గొట్టం అడ్డం ఉంది తల్లీ" అంది ఆమె. "నోరు కనబడలేదు. ఏమంటున్నాడో చూద్దామని వెళ్ళింది."

పిల్ల కూర్చుంది. కూర్చుని నేల వంక చూసింది. టైపు ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత పిల్ల తలెత్తి, ముఖం చూపిస్తూ, "మరి నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ?" అంది.

"నీకు నిద్ర పట్టింది."

అధికారి కాగితం బల్ల మీద పెట్టి, తన కుర్చీలో ఎదురుగా కూర్చున్నాడు, మళ్ళీ నోరు పెద్దగా తెరిచి, కాని ఈసారి కష్టం మీద, చెప్పాడు. "అమ్మా, తెలిసి ఎదురునిలిచి ప్రాణమిచ్చినవాళ్ళ పేర్లే రాతి మీదికి వెళతాయి. అది మేం పెట్టిన నిబంధన కాదు, పైవాళ్ళది. తెలియక పోయినవాళ్ళవి పుస్తకంలో రాసి లోపల ఉంచుతాం. మీరు ఇప్పుడు చెప్పింది నేను రాస్తే…" ఆయన ఆగాడు. కూతురి వైపు చూశాడు. "రాయకుండా ఉండమన్నా ఉంటాను. మొదట చెప్పింది ఎలాగూ ఉంది."

"ఆ పుస్తకం ఎవరు చూస్తారండీ?" అంది కూతురు.

"అడిగినవాళ్ళకు చూపిస్తాం."

"ఎవరైనా అడిగారా ఇప్పటిదాకా?"

ఆయన తల వంచుకుని, టైపు కొట్టిన కాగితం మీదికి చూస్తూ, తనలో తాను ఏదో గొణుక్కున్నాడు. కూతురికి వినబడలేదు, టైపు ఆవిడకూ వినబడి ఉండదు. గొంతు తగ్గిస్తే పెదవులు తగ్గవు కదా, ఆమె చూసింది. "మా తమ్ముడు పాల కోసం వెళ్ళాడు, అంతే. రాతి మీద చెక్కిన బొమ్మలో వాడి చేతిలో జెండా పెట్టారు." ఆమె కళ్ళు తిప్పుకుంది. ఇంకొక నువ్వుగింజ. నోట్లో చోటు ఉంది.

గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి. ఎండ బల్ల అంచు దాటి నేల మీదికి దిగింది. రాతి మీద కళ్ళ ఎత్తున ఖాళీగా ఉండబోయే చోటు గురించి ఆమె ఆలోచిస్తోంది, అక్కడ ఇంకెవరి పేరో పడుతుంది, రాయి ఖాళీ ఉంచదు. ఈ పిల్ల ఇవాళ ఎటు తిరిగి పడుకుంటుందో అని ఆలోచిస్తోంది. అంతలో పిల్ల వంగి నేల మీది కాగితాలు ఏరుకుంది, దుమ్ము దులిపి సంచీలో పెట్టుకుంది. అప్పుడు అధికారికి ఎదురుగా తిరిగి అంది, పిన్నికి కూడా కనబడేలా ముఖం కాస్త ఇటు తిప్పి. "రాయండి సార్. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయండి. మా అమ్మకు ఎవరైనా ఏమన్నా చెబుతుంటే వినాలని ఉండేదట. అది తీసెయ్యకండి."

అధికారి ఈసారి టైపు ఆవిడ వైపు తిరగలేదు. సాక్షి ముఖంలోకే చూస్తూ, ఒక్కొక్క మాటా ఆమె కళ్ళ ముందు పెట్టి, ఆమె తల ఊపాకే తర్వాతి మాటకు వెళుతూ చెప్పాడు. సైన్యపు అధికారి నోటికి గొట్టం అడ్డముండి, మాట కనబడనందున, ఏమనుచున్నారో తెలుసుకొనుటకై మృతురాలు దగ్గరకు నడిచినది. ఇనుప చేతులు లేచి కొట్టాయి, మోచేతికి తెలిసింది. "దగ్గరకు" అన్నచోట ఆమె ఆయన్ని ఒకసారి ఆపింది, నవ్వుతూ నడిచింది అని కూడా వెయ్యమంది. ఆయన వేయించాడు. కింద ఎప్పటిలాగే అచ్చయి ఉన్న వరస, చదివి వినిపించగా విని ఒప్పుకొంటిని అన్నది, దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు.

ఆమె సంతకం పెట్టింది, వేళ్ళు వంకర్లు తిరిగినా అక్షరం వంకర పోకుండా. ఆ కింద కూతురు పెట్టింది. అధికారి సిరా ఆరేదాకా కాగితాన్ని అరచేతుల్లో పట్టుకుని ఉన్నాడు, అదేదో వేడి ఆరాల్సిన వస్తువైనట్టు. తర్వాత మూడు మడతలు పెట్టాడు. గదిలో రెండు బీరువాలున్నాయి. పక్కగదిలోని శిల్పికి వెళ్ళే కాగితాలు కుడివైపు దాంట్లో, పుస్తకంలోకి వెళ్ళేవి ఎడమవైపు దాంట్లో. ఆయన ఎడమవైపు బీరువా తలుపు తీశాడు, వాళ్ళకు వీపు పెట్టి, కింది అరలోకి వంగి, కాగితాన్ని లోపల పెడుతూ ఏదో అన్నాడు. భుజాల కదలికను బట్టి ఏదో అన్నాడని ఆమెకు తెలిసింది. కాళ్ళు ముందుకు పడబోయాయి. బల్ల అంచు గట్టిగా పట్టుకుని, ఆమె ఉన్నచోటే నిలబడింది. తలుపు మూసుకుంది, తాళం తిరిగిన జివ్వు నేలలోంచి వచ్చి అరికాళ్ళకు తగిలింది.